జామీను, బహుమతి, మన గ్రూపులో వచ్చిన ఆ ఫొటో

 

మళ్ళీ పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక ఉన్నప్పుడే చదవండి. మేము చదివింది తమిళ మీడియంలో అని మీకు తెలుసు. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల బడి అంతా అటే గడిచింది, తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే ఎప్పటిలాగే సర్దుకోండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ అబ్బాయి. కింద "కోర్టు తారీఖుకు రాకుండా పారిపోయాడు, ఆచూకీ చెప్పినవారికి అయిదు వేలు" అని రాసి ఉంది. పెట్టింది మన సభ్యుడే. ఆ అబ్బాయికి జామీను నిలబడింది ఆయనే. ఆయన పొలం సాత్‌బారా కోర్టులో ఉంది. ఆయన బాధ మాకు తెలుసు, ఎందుకు తెలుసో చివర్లో చెబుతాం. గంటలో ఆ ఫొటో కింద నలభై మంది బొటనవేలు గుర్తు పెట్టారు. ఒక తమ్ముడు "ఆ అమెరికా టీవీలోలాగా మనమూ వేటకు పోదాం" అని నవ్వుతూ రాశాడు. ఆ మాట మీదే ఈ వ్యాసం.

ముందు ఆ టీవీ సంగతి. అమెరికాలో జామీను ఒక వ్యాపారం. ముద్దాయి దగ్గర డబ్బు లేకపోతే ఒక కంపెనీ రుసుము తీసుకుని అతని తరఫున పూచీ పడుతుంది. అతను పారిపోతే నష్టం కంపెనీది, కాబట్టి పట్టుకురావడానికి కంపెనీయే కూలికి మనుషులను పంపుతుంది. 1872లో అక్కడి సుప్రీంకోర్టు టేలర్, టేంటర్ అనేవారి కేసులో రాసిన మాటలు వీళ్ళకు బలం. పూచీ పడ్డవాడు తన మనిషిని వేరే రాష్ట్రం దాకా వెంటాడవచ్చు, అవసరమైతే ఇంట్లోకి చొరబడి పట్టుకోవచ్చు అన్నది దాని సారం. ఆ తరువాత చాలా రాష్ట్రాలు హద్దులు పెట్టాయి, కొన్ని రాష్ట్రాలు ఈ వ్యాపారాన్నే వద్దన్నాయి.

ఈ పని మీద వచ్చిన పేరున్న టీవీ కార్యక్రమం "డాగ్ ది బౌంటీ హంటర్". 2004 నుంచి 2012 దాకా నడిచింది. అందులో నాయకుడు డువేన్ చాప్‌మన్. ఆయనకు పేరు తెచ్చిన వేట 2003 జూన్‌లో జరిగింది. విచారణ మధ్యలో పది లక్షల డాలర్ల బెయిలు వదిలేసి పారిపోయిన ఒక ధనవంతుడిని మెక్సికోలో పట్టుకున్నాడు. అక్కడే చిక్కు వచ్చింది. మెక్సికోలో ఈ రకం వేట చట్టవిరుద్ధం. అక్కడి పోలీసులు వేటగాడినే లోపల వేశారు. ఆయన బెయిలు మీద బయటికొచ్చి, అమెరికా వెళ్ళిపోయి, తిరిగి మెక్సికో కోర్టుకు పోలేదు. అంటే బెయిలు ఎగ్గొట్టినవాళ్ళను పట్టేవాడే బెయిలు ఎగ్గొట్టినవాడయ్యాడు! 2006లో ఆ కేసు కిందే ఆయన్ను హవాయిలో అరెస్టు చేశారు. మరుసటేడు కేసు కొట్టేశారు. జప్తయిన ఆ బెయిలు సొమ్ములో వాటా అడిగితే, నువ్వు చట్టం పాటించలేదు గనుక ఇవ్వం అని అమెరికా జడ్జి అన్నాడు. టీవీ వాళ్ళు చూపించే సంబరంలో ఈ ముక్క కనపడదు.

మనకు ఇది కొత్తా? కాదు. మన నేల మీద ఈ వేట టీవీ పుట్టకముందే జరిగింది. అహేరి వైపు వాళ్ళకు బాబూరావు సేడ్మాకే పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇటు కాళేశ్వరం, మహాదేవపూర్ వైపు పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతున్నాం.

నాగపూర్ భోంస్లేల రాజ్యం 1854లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. దానితోపాటు చాందా జిల్లా పోయింది. మొలంపల్లి గోండు జమీందారీ కుటుంబంలో 1833లో పుట్టిన బాబూరావు 1857లో గోండు యువకులను కూడగట్టాడు. 1858 మార్చిలో రాజ్‌గఢ్ పరగణాను పట్టుకున్నాడు. ఆర్పల్లి, ఘోట్ జమీందారు వ్యంకటరావు ఆయనతో కలిశాడు. చాందా డిప్యూటీ కమిషనర్ కెప్టెన్ క్రిక్టన్ సైన్యం పంపితే అడవిలో నిలబడి కొట్టారు. ఏప్రిల్ 29న ప్రాణహిత ఒడ్డున చించగుండి దగ్గర టెలిగ్రాఫ్ శిబిరం మీద పడ్డారు. గార్ట్‌లాండ్, హాల్ అనే ఇద్దరు ఉద్యోగులు చనిపోయారు. పీటర్ అనే మూడోవాడు తప్పించుకుని క్రిక్టన్ దగ్గరికి చేరాడు. మేము రైల్వేలో ఉన్నవాళ్ళం, తంతి విలువ తెలుసు. తంతి పోతే సర్కారుకు కళ్ళూ చెవులూ పోయినట్టే. క్రిక్టన్ కోపం అక్కడ పెరిగింది.

సైన్యంతో కాని పని బహుమతితో చేద్దామనుకున్నాడు. బాబూరావును పట్టిచ్చినవారికి వెయ్యి రూపాయలు ప్రకటించాడని చెబుతారు. అప్పట్లో వెయ్యి రూపాయలంటే ఒక కుటుంబం ఏళ్ళ తరబడి బతకగల సొమ్ము. అయినా అడవిలో ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు క్రిక్టన్ అహేరి జమీందారిణి రాణి లక్ష్మీబాయి మీద ఒత్తిడి పెట్టాడు. పట్టివ్వకపోతే నీ జమీందారీ ఉండదన్నాడు.

ఇక్కడ హద్దుల సంగతి గమనించండి. అప్పటికి మన సిరోంచ నిజాంది. అహేరి చాందా జిల్లాలోది. ఇంద్రావతి దాటితే బస్తరు. ఒక ఏరు దాటితే ఒక రాజ్యం మారుతుంది. బాబూరావు బస్తరు వైపు భోపాలపట్నంలో ఉన్నాడని తెలిసి, రాణి తన కొలువులో ఉన్న రోహిల్లాలను పంపింది. వాళ్ళు నిద్రలో ఉన్నవాడిని పట్టుకున్నారు. తెచ్చే దారిలో ఆయన తప్పించుకున్నాడు. కాపలావాళ్ళకే నచ్చజెప్పి బయటపడ్డాడని కథ. రెండోసారి 1858 సెప్టెంబరు 18న దొరికాడు. అహేరిలో భోజనానికి పిలిచి, తింటున్న వేళ చుట్టుముట్టారని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. అక్టోబరు 21న చాందా జైలులో ఉరి తీశారు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు. వ్యంకటరావు బస్తరులోకి పోయాడు గానీ, 1860లో బస్తరు రాజు ఆయన్నూ పట్టిచ్చాడు. యావజ్జీవ శిక్ష పడింది.

రాణికి దక్కిన బహుమతి? ఆర్పల్లి, ఘోట్ జమీందారీలు, అరవై ఏడు ఊళ్ళు. లెక్క చూస్తే పెద్ద లాభం. కానీ ఇవాళ చంద్రపూర్ జైలు దగ్గర రావిచెట్టు కింద జనం దండం పెట్టేది ఎవరికి? 2009లో మన తపాలా శాఖ స్టాంపు వేసింది ఎవరి పేరున? బాబూరావు పేరునే. రాణిని తిట్టడం మా ఉద్దేశం కాదు. ఒక ఆడమనిషి తన ఊళ్ళను కాపాడుకోవాలి, ఎదురుగా తుపాకులున్న దొర. ఆమె ఇరుకు ఆమెది. కానీ సర్కారు చేసిన పని గుర్తుంచుకోవాలి. పగవాడిని పట్టడానికి పగవాడి మనుషుల మధ్యే బేరం పెట్టింది. తరువాత 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు కోసం పది వేలు ప్రకటించినప్పుడూ ఇదే పద్ధతి. ఇక మన గడ్చిరోలిలో మొన్నమొన్నటి దాకా బస్‌స్టాండు గోడల మీద ఫొటోలు, కింద లక్షల అంకెలు చూస్తూనే పెరిగాం. ఆ కాగితాల కింద నిలబడి బస్సు కోసం ఎదురుచూసినవాళ్ళం మనమంతా. బహుమతి అనే మాట ఊళ్ళోకి వస్తే ఎవరు ఎవరిని అనుమానిస్తారో, రాత్రి ఎవరి తలుపు ఎవరు కొడతారో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు జామీను మాట. మేము తమిళంలో చదువుకున్నప్పుడు పత్రికలో "జామీన్" అని చదివేవాళ్ళం. సిరోంచ వచ్చాక మరాఠీ కాగితంలో చూస్తే అక్కడా "జామీన్". తెలుగులో జామీను, జామీనుదారు. మూడు భాషలకూ పారసీ, అరబ్బీల నుంచి వచ్చిన ఒకే మాట. పూచీ పడ్డవాడు అని అర్థం. మాటలో డబ్బు లేదు, మనిషి ఉన్నాడు. మన దేశంలో అమెరికాలాగా జామీను కంపెనీలకు చట్టంలో చోటు లేదు. చుట్టమో, పొరుగువాడో, సంఘం మనిషో నిలబడతాడు. కాబట్టి మన జామీనుదారు వేటగాడు కాడు, కాకూడదు కూడా.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్పీసీ బదులు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. సెక్షన్ 40 ప్రకారం మామూలు మనిషి ఇంకొకరిని పట్టుకోగలిగేది రెండు సందర్భాల్లోనే. తన కళ్ళముందు బెయిలు లేని పెద్ద నేరం జరిగితే, లేదా కోర్టు అతన్ని పరారీ నేరస్థుడని ప్రకటించి ఉంటే. పట్టుకున్నా ఆలస్యం చేయకుండా పోలీసులకు అప్పగించాలి. ఒక తారీఖు తప్పినంత మాత్రాన ఎవడూ ప్రకటిత నేరస్థుడు కాడు. దానికి వారెంటు, ప్రకటన, గడువు అన్నీ ఉన్నాయి.

మరి జామీనుదారు గతేమిటి? సెక్షన్ 489 ఉంది. నన్ను ఈ పూచీ నుంచి విడిపించండని మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టవచ్చు. కోర్టే వారెంటు ఇచ్చి అతన్ని రప్పిస్తుంది. బాండు జప్తు అయినా సెక్షన్ 491 కింద ముందు కారణం చెప్పుకునే అవకాశం ఇస్తారు, కారణం నమ్మదగినదైతే సొమ్ములో కొంత తగ్గించే అధికారం కోర్టుకు ఉంది. ఇది మన సభ్యుడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇంకొకటి. 1978లో మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసు సుప్రీంకోర్టుకు పోయింది. కింది కోర్టు పది వేల జామీను అడిగి, అతని అన్నదమ్ముడు వస్తే నీ ఆస్తి వేరే జిల్లాలో ఉంది, చెల్లదు అంది. జస్టిస్ కృష్ణయ్యర్ అది తప్పన్నారు. ఒక తెలుగువాడినో తమిళుడినో బస్తరులో పట్టుకుంటే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడి నుంచి తెస్తాడు అనే భావంతో తీర్పులో అడిగారు. నది ఇవతల ఇల్లు, అవతల మేనమామ ఉన్న మనలాంటివాళ్ళ కోసమే రాసినట్టుంది కదా.

చివరికి మా సంగతి. సుమారు ముప్పై ఏళ్ళ కిందట మేమూ జామీను నిలబడ్డాం. టేకు దుంగల కేసులో మా వీధి పడవవాడి కొడుకు. మామగారు రాసిచ్చిన రెండెకరాల సాత్‌బారా కోర్టులో పెట్టాం. రెండో తారీఖుకు అబ్బాయి రాలేదు. మాకు నోటీసు వచ్చింది. ఇంట్లో రెండు రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదు. సెలవు పెట్టి, అబ్బాయి చిన్నాన్నను వెంటబెట్టుకుని, పడవలో గోదావరి దాటి వెతకడం మొదలుపెట్టాం. అప్పటికి వంతెన లేదు. కాళేశ్వరం, మహాదేవపూర్, అక్కడి నుంచి ఏటూరునాగారం. నాలుగో రోజు మిరప తోటలో కూలీల మధ్య దొరికాడు. చెట్టు కింద సద్దిమూట విప్పుకుని తింటున్నాడు.

చిన్నాన్న తలపాగా విప్పాడు, చేతులు కట్టేద్దామని. నిజం చెప్పాలంటే మాకూ ఆ క్షణం అదే అనిపించింది. రెండెకరాలు కళ్ళముందు ఆడుతున్నాయి. కానీ తింటున్నవాడిని పట్టుకోవడానికి చెయ్యి రాలేదు. తిననిచ్చాం. తిన్నాక అడిగితే చెప్పాడు: వచ్చిన కాగితం మరాఠీలో ఉంది, చదవడం రాదు, ఈసారి పోతే లోపల వేస్తారని ఎవరో భయపెట్టారు. అంతే. పారిపోయింది మా నుంచి కాదు, అర్థం కాని కాగితం నుంచి. తమిళం చదివి మరాఠీ కాగితాల మధ్యకు వచ్చిన మాకు ఆ భయం తెలియనిది కాదు. మర్నాడు తనే పడవ ఎక్కాడు, తనే కోర్టు మెట్లెక్కాడు. కోర్టు మా సొమ్ములో చాలా భాగం తగ్గించింది. కట్టిన మిగతాది అబ్బాయి రెండు పంటల కూలీతో తీర్చాడు. ఇవాళ అతనికి మనవడు.

ఆ రోజు మేము అతని ఫొటో ఊరూరా అంటించి అయిదు వేలు అని ఉంటే? తోటలో ఎవరో కట్టేసి, కొట్టి తెచ్చేవారు. పొలం మిగిలేది. వీధిలో ఆ పడవవాడి ముఖం మళ్ళీ చూడగలిగేవాళ్ళం కాదు.

అందుకని సభ్యుడు అన్నగారికి మా మనవి. ఆ ఫొటో తీసేయండి. మీ నష్టం మీ ఒక్కరిదే అని మేము అనడం లేదు. వచ్చే ఆదివారం సంఘం కూర్చుందాం. ఒక వకీలును అడిగి దరఖాస్తు పెట్టిద్దాం, ఖర్చులో మా వంతు మేమిస్తాం. అబ్బాయి తల్లి దగ్గరికి ముగ్గురు పెద్దమనుషులు పోయి, కోర్టు కాగితం తెలుగులో చదివి వినిపిద్దాం. అతను ఎక్కడున్నాడో ఆమెకు తెలిసే ఉంటుంది. తల్లికి తెలియకుండా ఎవరూ ఎక్కువ రోజులు ఉండరు. కావాలంటే నది దాటడానికి మేము వస్తాం. ఇప్పుడు వంతెన ఉంది, మోకాళ్ళు నొప్పులైనా బస్సులో కూర్చోగలం.

బహుమతి మాత్రం వద్దు. మన నేల ఆ లెక్క ఇప్పటికే చాలా కట్టింది.

తప్పులుంటే పెద్దమనసుతో క్షమించండి.

ఇట్లు, మీ రైల్వే గుమాస్తా, సిరోంచ.