తెర మారినా చెదరని తెలుగు పుట: మదనపల్లె, పుంగనూరు, కుప్పం పేర్ల ఆధారంగా చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒకే తెలుగు వెబ్ పుట వేర్వేరు బ్రౌజర్లలో, వేర్వేరు కొలతల తెరలపై ఒకే విధంగా కనిపించడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. ఆ పరిణామాన్ని పూర్వపు చిత్తూరు జిల్లాకు చెందిన మూడు ఊర్ల పేర్లు ఉదాహరణలుగా ఈ వ్యాసం వివరిస్తుంది. రూపసమానత కంటే పాఠసమానత ముఖ్యమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యూనికోడ్, ఫాంట్, వత్తు, బ్రౌజర్, తెర కొలత, ద్రావిడ విశ్వవిద్యాలయం.

1. ఉపోద్ఘాతం:
మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా దక్షిణానికి సాగితే ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు సరిహద్దులు కలిసే కుప్పం వస్తుంది. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడే ఏర్పడింది. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి ఈ ప్రాంతంలోనే ‘ఐ-కమ్యూనిటీ’ పథకాన్ని ప్రారంభించి సమాచార కేంద్రాలను నెలకొల్పింది. భాషాధ్యయనమూ గ్రామీణ కంప్యూటరీకరణా ఒకే పట్టణంలో కలిసిన ఆ రోజులలో తెలుగు పుట తెరపై ఎలా ఉండేదన్నది పరిశీలించదగిన అంశం.

2. ఫాంటుకు కట్టుబడిన పుట:
1990లలో తెలుగు వెబ్‌సైట్లు 256 స్థానాల ఫాంట్లపై ఆధారపడ్డాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరఖండాలను అమర్చేవారు. ఏ స్థానంలో ఏ ఖండం ఉండాలన్నది ప్రతి ఫాంటు తయారీదారు సొంత నిర్ణయం. చదువరి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోతే పుట అంతా అర్థంలేని రోమన్ అక్షరాలుగా కనిపించేది. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ 4, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 4 పుటతోపాటు ఫాంటును కూడా దింపుకొనే వీలు కల్పించాయి. అయితే రెండింటి పద్ధతులూ వేరు. ఒకదానికోసం సిద్ధం చేసిన ఫాంటు మరొకదానిలో పనిచేయదు. పైగా 2000లో వచ్చిన నెట్‌స్కేప్ 6 ఆ సదుపాయాన్నే విడిచిపెట్టింది.

పుటను బొమ్మగా పెట్టడం మరో మార్గం. బొమ్మ అన్ని బ్రౌజర్లలో ఒకేలా కనిపిస్తుంది. కానీ అందులో పదాన్ని వెతకలేము, ఉదాహరణగా ఎత్తి రాసుకోలేము. తులనాత్మక భాషాశాస్త్రానికి ఇబ్బంది మరింత ఎక్కువ. తెలుగు, తమిళ, కన్నడ ఫాంట్లు మూడూ అవే 256 స్థానాలను వాడుకున్నందున మూడు భాషల ధాతువులను ఒకే పట్టికలో చూపాలంటే ప్రతి గడికీ ఫాంటు మార్చవలసి వచ్చేది. ఆ గుర్తింపు చెదిరితే ఏది ఏ భాషాపదమో తెలిసేది కాదు.

3. యూనికోడ్ – మూడు పేర్ల పరీక్ష:
1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగుకు చోటు దక్కింది. ఆ పట్టికలో తమిళం, తెలుగు, కన్నడం 128 స్థానాల చొప్పున వరుసగా పక్కపక్కనే ఉన్నాయి. కుప్పం చుట్టూ ఉన్న భాషల అమరికే అది. అయితే సంకేతం స్థిరపడినంత మాత్రాన రూపం స్థిరపడలేదు.

‘పుంగనూరు’లో వత్తు లేదు. అక్షరసంయోజన శక్తి లేని బ్రౌజరులో కూడా దానిని చాలావరకు పోల్చుకోవచ్చు. ‘కుప్పం’లో రెండవ పకారం వత్తుగా కిందికి దిగాలి. దిగకపోతే ‘కుప్‌పం’ అవుతుంది. ‘మదనపల్లె’ ఇంకా కఠినం. ల, పొల్లు, ల, ఎత్వం అన్న వరుసలో సంకేతాలు ఉంటాయి. తెరపై మాత్రం చివరనున్న ఎత్వం మొదటి లకారం నెత్తికెక్కాలి, రెండవ లకారం దాని కిందికి చేరాలి.

2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో ఈ సామర్థ్యాన్ని తెచ్చింది. కానీ సంక్లిష్ట లిపుల సదుపాయాన్ని విడిగా స్థాపించుకోవలసి వచ్చేది. 2008లో ఫైర్‌ఫాక్స్ 3 వచ్చేవరకు ఆ బ్రౌజరులో పేరాను ఇరుపక్కలా సమంగా సర్దితే భారతీయ లిపుల సంయుక్తాక్షరాలు విడిపోయేవి. అచ్చుపుస్తకపు అందం కోసం చేసిన అమరికే పాఠాన్ని చెడగొట్టిందన్నమాట. తరువాత ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ మూడూ హార్ఫ్‌బజ్ అనే ఉమ్మడి అక్షరసంయోజన లైబ్రరీని స్వీకరించడంతో తేడాలు బాగా తగ్గాయి.

4. చిన్న తెర – కొత్త చిక్కులు:
2010లో ఈథన్ మార్కాట్ తెర వెడల్పును బట్టి ఒదిగే పుటరచనను ప్రతిపాదించాడు. 2012లో అందుకు ఆధారమైన మీడియా క్వెరీలు వెబ్ ప్రమాణంగా ఆమోదం పొందాయి. ఇంగ్లీషును దృష్టిలో ఉంచుకొన్న కొలతలు తెలుగుకు యథాతథంగా సరిపోవు. పంక్తి ఎత్తును బిగించి, పెట్టె దాటినదాన్ని దాచితే ‘కుప్పం’ కింది వత్తు తెగిపోతుంది. ‘మదనపల్లెవాసులందరికీ’ వంటి పదం ఇరుకు తెరను దాటిపోతుంది. అచ్చులో కంపోజిటర్ అక్షరాల మధ్య గీత పెట్టి విరిచేవాడు. బ్రౌజరు సాధారణంగా ఖాళీ ఉన్నచోటనే విరుస్తుంది. 2011 నవంబరులో మీసేవ చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. ధ్రువపత్రంలోని పేరు తెరపైనా కాగితంపైనా ఒక్కటిగా ఉండటం అప్పటినుండి పౌరుని హక్కుకు సంబంధించిన విషయం.

సమస్య పూర్తిగా తీరిపోలేదని 2018 ఫిబ్రవరి నిరూపించింది. ‘జ్ఞా’ అక్షరాన్ని మధ్యలో కనిపించని సంకేతంతో కూర్చిన ఒక వరుస ఐఫోన్లలోని అనువర్తనాలను స్తంభింపజేసింది. ఆపిల్ సంస్థ అదే నెలలో సవరణ విడుదల చేసింది.

5. ముగింపు:
• ఫాంటుకు కట్టుబడిన పుట ఫాంటుతోనే నశిస్తుంది. ‘పద్మ’ వంటి మార్పిడి సాధనాలు ఆదుకొన్నా, మార్పిడి పట్టిక లేని ఫాంట్లలోని పాఠం నేటికీ చదవరానిదే.
• బొమ్మరూపంలో సాధించిన సమానత పరిశోధనకు అక్కరకు రాదు.
• పంక్తుల విరుపు, పుట వెడల్పు తెరను బట్టి మారవచ్చు. అక్షరక్రమం మారకూడదు. ‘మదనపల్లె’ అని వెతికినవారికి ఏ తెరపైనైనా ‘మదనపల్లె’ దొరకడమే అసలైన సమానత.
• విశ్వవిద్యాలయాలు పాత ఫాంట్లలోని వ్యాసాలను యూనికోడ్‌లోకి మార్చేటప్పుడు ఆ ఫాంట్లనూ, వాటి స్థానపట్టికలనూ కూడా భద్రపరచాలి. పొరపాటు దొర్లినప్పుడు మూలపాఠాన్ని సరిచూడటానికి అవే ఆధారం.