అతిశీతలంలో అండం

గుజరాత్‌లోని సూరత్‌లో పవర్‌లూమ్ మగ్గాలను నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో 26 ఏళ్ల యువతికి రొమ్ము క్యాన్సర్ వచ్చిందనుకోండి. ఆమె ప్రాణాన్ని కాపాడే మందులే అండాశయాలను దెబ్బతీయవచ్చు. అందుకే చికిత్స మొదలుకాక ముందే కొన్ని అండాలను బయటకు తీసి, అతిశీతల స్థితిలో దాచుకునే అవకాశం నేడు ఉంది. అయితే వీర్యాన్ని ఇలా దాచే కిటుకు 1949 లోనే దొరికింది. అండం విషయంలో మాత్రం 1986 వరకు ఆగవలసి వచ్చింది. ఎందుకని?

మంచుతో పోరాటం

పశువుల ఆసుపత్రిలో ద్రవ నత్రజని నింపిన క్యాన్లను మీరు చూసే ఉంటారు. వాటిలో ఆంబోతు వీర్యం మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏళ్ల తరబడి చెడకుండా ఉంటుంది. ఆ చలిలో జీవకణంలోని రసాయన చర్యలన్నీ ఆగిపోతాయి. ప్రమాదమంతా అక్కడికి చేరే దారిలోనే ఉంది. కణంలోని నీరు గడ్డకడితే మంచు స్ఫటికాలు ఏర్పడి కణాన్ని లోపలి నుంచే చీల్చేస్తాయి.

1949లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు పోల్జ్, స్మిత్, పార్క్స్ గ్లిసరాల్ కలిపితే వీర్యకణాలు ఈ గండం గడుస్తాయని కనుగొన్నారు. కాని వీర్యకణం చాలా చిన్నది, అందులో నీరు తక్కువ. అండం మన శరీరంలోకెల్లా పెద్ద కణం. దాని వ్యాసం సుమారు 0.1 మిల్లీమీటరు. లోపల నీరు ఎక్కువ. పైగా పక్వమైన అండంలో క్రోమోజోములు సన్నని దారాల వంటి ఒక కండె మీద అమరి ఉంటాయి. చల్లబడితే ఆ దారాలు విడిపోతాయి. అందుకే శాస్త్రజ్ఞులు ముందుగా పిండాల మీద ప్రయత్నించారు. 1972లో విటింగ్‌హామ్, లైబో, మజూర్ ఎలుక పిండాలను నెమ్మదిగా చల్లబరచి, మళ్లీ వెచ్చబరచి, వాటి నుంచి పిల్లలను పుట్టించగలిగారు.

కలకత్తాలో ఒక ముందడుగు

మానవ పిండం విషయంలో మన దేశానికి ఒక గొప్ప అధ్యాయం ఉంది. అది విషాద అధ్యాయం కూడా. ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులో పుట్టింది. సరిగ్గా 70 రోజుల తరువాత, అక్టోబరు 3న, కలకత్తాలో 'దుర్గ' పుట్టింది. దీని వెనుక ఉన్నవారు డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్, ఆయన సహచరులు సునీత్ ముఖర్జీ, సరోజ్‌కాంతి భట్టాచార్య. వారు పిండాన్ని డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే రక్షక ద్రవంతో చల్లబరచి 53 రోజులు నిల్వ ఉంచి, తరువాత గర్భాశయంలో ప్రవేశపెట్టారు. హార్మోన్ మందులు వాడిన నెలలో గర్భాశయం పిండాన్ని నిలుపుకోలేకపోవచ్చు, మరో నెల దాకా ఆగడం మేలు అన్నది ఆయన ఆలోచన. నేడు చాలా ఆసుపత్రులు అనుసరిస్తున్న పద్ధతి కూడా ఇదే.

ఆనాటి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం నియమించిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. విదేశీ సదస్సుకు వెళ్లనివ్వలేదు. కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువును పుట్టించినవారిగా పేరు పొందిన శాస్త్రజ్ఞుల్లో ఒకరైన టి.సి. ఆనంద్ కుమార్, ముఖోపాధ్యాయ్ కాగితాలు పరిశీలించి, ఆ ఘనత ఆయనదేనని 1997లో స్వయంగా ప్రకటించారు.

గాజులా మారిన అండం

నిల్వచేసిన అండం నుంచి తొలి బిడ్డల జననాన్ని 1986లో ఆస్ట్రేలియాలో క్రిస్టఫర్ చెన్ ప్రకటించారు. అయినా చాలా అండాలు దెబ్బతినేవి. బతికిన అండం పైపొర గట్టిపడి వీర్యకణాన్ని లోనికి రానిచ్చేది కాదు. ఒకే వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి 1992లో వచ్చాక ఈ అడ్డంకి తొలగింది.

మంచు సమస్యకు పరిష్కారం మరో దారిలో దొరికింది. రక్షక ద్రవాన్ని చిక్కగా వాడి, నిమిషానికి వేల డిగ్రీల వేగంతో చల్లబరిస్తే నీటికి స్ఫటికాలుగా అమరే వ్యవధి ఉండదు. అది గాజులా బిగుసుకుపోతుంది. 1985లో రాల్, ఫాహీ ఈ పద్ధతిలో ఎలుక పిండాలను నిల్వ చేశారు. ఇలా దాచిన అండం నుంచి మానవ శిశువు జననం 1999లో వెల్లడైంది. 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం అండ నిల్వకు ఉన్న 'ప్రయోగాత్మకం' అనే ముద్రను తొలగించింది.

ఈనాడు జరిగేది ఇదీ: సుమారు 10 నుంచి 12 రోజులు హార్మోన్ సూదులు ఇస్తారు. అల్ట్రాసౌండ్‌తో అండాల ఎదుగుదలను గమనిస్తారు. మత్తు ఇచ్చి యోని మార్గంలో సన్నని సూదితో అండాలను తీస్తారు. పక్వమైన వాటినే నిల్వ చేస్తారు.

ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. నిల్వ అండం వయసును ఆపుతుందే కాని వెనక్కి తిప్పదు. 40వ ఏట దాచిన అండం 40 ఏళ్ల అండమే. దాచిన ప్రతి అండమూ బిడ్డ కాదు. కొన్ని వెచ్చబరిచేటప్పుడు పోతాయి, కొన్ని ఫలదీకరణం చెందవు, కొన్ని గర్భాశయంలో నిలవవు. మన దేశంలో 2021 నాటి చట్టం ప్రకారం సంతాన సాఫల్య కేంద్రాలు, అండ బ్యాంకులు రిజిస్టరు కావాలి. సూరత్‌లోనైనా, వరంగల్‌లోనైనా ముందుగా ఆ రిజిస్ట్రేషన్ చూడండి. మీ వయసుకు ఎన్ని అండాలు అవసరమో, ఎంత ఆశ పెట్టుకోవచ్చో డాక్టరును సూటిగా అడగండి. క్యాన్సర్ చికిత్స ముందున్నప్పుడైతే ఆ ప్రశ్న మొదటి సూది పడకముందే అడగాలి.