నిలువుగా లేచిన నౌక

కొన్నేళ్ల క్రితం విశాఖ సముద్రతీరాన మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామిని చూడడానికి మనుమడితో కలసి వెళ్లాను. ఒక గదినుండి మరొక గదికి పోవాలంటే గుండ్రని ద్వారంలోనుండి నడుము వంచి దూరాలి. నా వయసువానికి అది చిన్న సాహసమే. "ఇది నిలువుగా లేచిపోతే ఎలా తాతయ్యా?" అని వాడడిగాడు. నవ్వి ఊరుకున్నాను. తరువాత అమెరికా నౌకాదళ చరిత్ర చదువుతుండగా అక్షరాలా అలాగే జరిగిన ఉదంతమొకటి కంటబడింది. వానికి నేను బాకీపడిన జవాబే ఈ వ్యాసం.

ఆ నౌక పేరు ఎస్-5. పొడవు 231 అడుగులు. పోర్ట్స్‌మత్ నౌకానిర్మాణశాలలో తయారై 1920 మార్చిలో నౌకాదళంలో చేరింది. (1971 డిసెంబరులో మన విశాఖ ముందర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కూడా, డయాబ్లో అనే పేరుతో, ఆ శాలలోనే పుట్టింది.) ఎస్-5 నాయకుడు ఛార్లెస్ కుక్, 33 ఏళ్లవాడు. సిబ్బంది దాదాపు నలభైమంది. అప్పటికి ఐదేళ్ల ముందే, 1915 మార్చిలో, హోనలూలూ దగ్గర ఎఫ్-4 అనే జలాంతర్గామి 21 మందితో మునిగిపోయింది. ఒక్కరూ బతకలేదు. మునిగిన నౌకలోని వారిని పైకి తెచ్చే సాధనమేదీ ఆనాటికి లేదన్న సంగతి ఎస్-5లోని ప్రతివానికీ తెలుసు.

1920 సెప్టెంబరు 1 మధ్యాహ్నం, డెలవేర్ తీరానికి సుమారు 55 మైళ్ల దూరాన, పరీక్షార్థం నౌకను వేగంగా ముంచారు. ఇక్కడొక చిక్కు చెప్పాలి. నీటిపైన నడిచేటప్పుడు డీజిలు ఇంజన్లకు గాలి కావాలి. దానికొక పెద్ద గొట్టం, ఆ గొట్టానికొక కవాటం ఉంటాయి. కవాటం ముందుగా మూస్తే ఇంజన్లు లోపలి గాలినే పీల్చివేస్తాయి. ఆలస్యంగా మూస్తే సముద్రమే లోపలికి వస్తుంది. ఇంజన్లు ఆగిన క్షణానికీ నీరు గొట్టాన్ని అందుకునే క్షణానికీ నడుమనున్న ఆ కొద్ది వ్యవధిలోనే పని కావాలి. ఆనాడు కవాటం దగ్గరున్న అనుభవజ్ఞుని దృష్టి క్షణకాలం మరొకవైపు మళ్లింది. తెలివి తెచ్చుకుని గబాలున గుంజాడు. ఆ విసురుకు కవాటం తెరచివున్నది తెరచివున్నట్లే బిగుసుకుపోయింది.

ముందుభాగంలోని టార్పెడో గది నీటితో నిండింది. దానిని వదలి తలుపు బిగించారు. నౌక సుమారు 180 అడుగుల లోతున అడుగుకు తగిలి ఆగింది. నీరు తోడే పంపులు మొరాయించాయి. కుక్ వెనుకభాగపు ట్యాంకులలోని నీటిని గాలి ఒత్తిడితో వెళ్లగొట్టించాడు. తోక తేలికై లేచింది, అయితే అతడనుకున్నట్లు మెల్లగా కాదు. ముక్కు బురదలో గుచ్చుకుని ఉండగానే నౌక నిట్టనిలువుకు కొంచెం తక్కువగా, సుమారు 60 డిగ్రీల వాలున నిలిచింది. మనుషులు, సామాను, అడుగున చేరిన నీరు అన్నీ ఒక్కసారిగా ముందుకు జారాయి. నీరు బ్యాటరీలలోకి పోయి క్లోరిన్ విషవాయువు పుట్టింది. కింద చిక్కినవారిని పైకి లాగి తలుపు మూశారు.

అప్పుడు కుక్ లెక్క వేశాడు. కర్ణం 231 అడుగులు, వాలు తెలుసు, లోతు తెలుసు. లంబం ఎంత? లోతుకన్న ఎక్కువ. అనగా తోక సుమారు 17 అడుగులు నీటిపైన ఉండాలి! మా పాఠశాలలో నా తరగతికి పక్కగది గణితోపాధ్యాయులది. త్రికోణమితి ఎందుకండీ అని అడిగే పిల్లలకు ఆయన గోపురాల ఎత్తులు చెప్పేవారు. ఈ కథ అప్పుడు తెలిస్తే గోడమీదుగా అందించి ఉండేవాణ్ణి. కర్ణమంటే చెవి అని కూడా కదా. లెక్కను రూఢిచేసుకున్నది చెవితోనే. నౌకాపుచ్ఛం చివరి గదికి ఎగబాకి ఉక్కు గోడను తట్టి చూశారు. బయట నీరు లేదని ధ్వని చెప్పింది.

తరువాతది కేవలం కండబలం. చేతి తమిరితో ఒక్కొక్క రంధ్రమే పొడుస్తూ, చీకటిలో, పలుచబడుతున్న గాలిలో, వంతులవారీగా రాత్రంతా, మరునాడంతా శ్రమించారు. చివరకు పిడికిలి పట్టేంత కన్నం తయారైంది. ఒక గొట్టానికి చొక్కా కట్టి బయటకు ఊపారు.

సెప్టెంబరు 2న అటుగా పోతున్న అలాంథస్ అనే ఆవిరి ఓడ కెప్టెనుకు సముద్రంలో బోయాలాంటిదేదో, దానికొక గుడ్డ కనిపించాయి. చిన్న పడవలో దగ్గరకు వచ్చి, ఏ ఓడ, ఏ దేశం, ఎక్కడికి ప్రయాణం అని అడిగాడు. చివరి ప్రశ్నకు కుక్ ఇచ్చిన జవాబు నావికలోకంలో ప్రసిద్ధం: "దిక్సూచి ప్రకారం, నరకానికి." చావుకు జానెడు దూరాన కూర్చుని హాస్యమాడగలవాని దగ్గరే తక్కినవారికీ ధైర్యం నిలుస్తుంది.

అలాంథస్‌లో వైర్‌లెస్ లేదు, ఉక్కు కోసే పనిముట్లూ లేవు. నౌక తోకను మోకులతో తన ఓడకు కట్టి, లోపలికి గాలి పంపుతూ, మరొక ఓడకోసం జెండాలెత్తాడు. సాయంకాలం గోథల్స్ అనే ఓడ వచ్చింది. దాని ప్రధాన ఇంజనీరు కన్నాన్ని మనిషి పట్టేంత పెద్దది చేశాడు. 3వ తేదీ తెల్లవారుజాముకు ఒక్కొక్కరే బయటపడ్డారు. అందరికన్న చివర కుక్. ఒక్క ప్రాణం పోలేదు. విహారయాత్రలలో నలభైమంది పిల్లలను బస్సు దగ్గర రెండుసార్లు లెక్కపెట్టుకున్నవాడిని కనుక, ఆ చివరి మనిషి బయటకు వచ్చే ముందు కిందికి ఎలా చూసి ఉంటాడో ఊహించగలను.

ఖాళీ నౌకను ఒహాయో యుద్ధనౌక లాగబోయింది. తాడు తెగి ఎస్-5 మునిగింది. పైకి తీసే యత్నాలు ఫలించలేదు. 2001లో గాని దాని ఉనికి తెలియరాలేదు. కుక్ అడ్మిరల్ అయ్యాడు. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై బాంబులు పడినప్పుడు అక్కడ పెన్సిల్వేనియా యుద్ధనౌకకు నాయకుడతడే.

ఆ గాలిగొట్టం మాత్రం మరొకసారి పగతీర్చుకుంది. 1939 మేలో, అదే పోర్ట్స్‌మత్‌లో తయారైన స్క్వాలస్ అనే జలాంతర్గామి పరీక్షార్థం మునుగుతుండగా అదే కవాటం తెరచి ఉండిపోయింది. 26 మంది చనిపోయారు. అప్పటికి రక్షణగంట తయారై ఉండడంవల్ల 33 మందిని అడుగునుండి సజీవంగా పైకి తెచ్చారు.