షామ్‌బర్గ్‌లో మతం నేర్పే బడి: లూథరన్ల నుంచి హైదరాబాదీల దాకా

అమెరికాలో ఇస్లామిక్ పాఠశాల అనగానే, నిన్నమొన్నటి వలసలతో వచ్చిన కొత్త వ్యవహారమని చాలామంది అనుకుంటారు. షికాగోకు వాయవ్యాన ఉన్న షామ్‌బర్గ్ చరిత్ర తెలిస్తే ఆ మాట నిలవదు. 1971లో తెరిచిన ఉడ్‌ఫీల్డ్ మాల్‌తో, ఆ తర్వాత మోటరోలా కార్యాలయాలతో పేరుకెక్కిన ఊరిది. అంతకు వందేళ్ల ముందు ఇక్కడ పొలాలుండేవి, ఆ పొలాల మధ్య ఒక చర్చి, దాని పక్కన ఒక బడి ఉండేవి. ప్రార్థన ఎక్కడో పిల్లల చదువూ అక్కడే అన్న పద్ధతిని ఈ నేలకు తెచ్చింది ముస్లింలు కాదు, జర్మన్ రైతులు.

ఉత్తర జర్మనీలోని షామ్‌బర్గ్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు 1840ల నాటికి ఇక్కడ స్థిరపడ్డాయి. ఊరికి ఏ పేరు పెట్టాలన్న చర్చ 1850లో వచ్చినప్పుడు ఒక పెద్దాయన బల్ల గుద్ది మరీ తమ సొంతగడ్డ పేరు నిలబెట్టాడని స్థానిక చరిత్ర చెబుతుంది. సెయింట్ పీటర్ లూథరన్ చర్చి అంతకు మూడేళ్ల ముందే, 1847లో ఏర్పడింది. మిసోరి సినడ్ అనే లూథరన్ సమాఖ్య కూడా అదే ఏడాది షికాగోలో పుట్టింది. ఆ సమాఖ్యకు బడి ప్రాణం. బైబిలు, లూథర్ రాసిన ప్రశ్నోత్తరి, కీర్తనలు, అన్నీ జర్మన్‌లోనే నేర్పేవారు. సెయింట్ పీటర్ చర్చి పాఠశాల నేటికీ నడుస్తోంది.

ఆ బడులు తేలిగ్గా బతకలేదు. 1889లో ఇల్లినాయిస్ శాసనసభ ఎడ్వర్డ్స్ చట్టం తెచ్చింది. చదవడం, రాయడం, లెక్కలు, చరిత్ర, భూగోళం ఇంగ్లీషులో నేర్పితేనే బడిగా గుర్తిస్తామంది. లూథరన్లు, కాథలిక్కులు తమ పాత వైరం పక్కనపెట్టి ఒక్కటయ్యారు. 1892 ఎన్నికల్లో జర్మనీలో పుట్టిన జాన్ పీటర్ ఆల్ట్‌గెల్డ్ గవర్నరుగా గెలిచాడు, 1893లో ఆ చట్టం రద్దయింది. వివేకానందుడు ప్రసంగించిన విశ్వమత మహాసభ షికాగోలో జరిగిందీ ఆ ఏడాదే. ఇస్లాం స్వీకరించిన అమెరికన్ అలెగ్జాండర్ రస్సెల్ వెబ్ తన మతం గురించి మాట్లాడిందీ ఆ సభలోనే.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్ భాష మీద ద్వేషం మళ్లీ రగిలింది. నెబ్రాస్కాలో రాబర్ట్ మేయర్ అనే లూథరన్ పంతులు 1920లో ఒక పదేళ్ల పిల్లవాడికి జర్మన్‌లో బైబిలు కథ చదివించినందుకు 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పిల్లలందరూ ప్రభుత్వ బడికే పోవాలన్న ఆరిగన్ చట్టాన్ని కాథలిక్ సన్యాసినులు సవాలు చేస్తే 1925లో అదీ పోయింది. సాయంత్రం పూట జపనీస్ నేర్పే హవాయీ బడుల గొంతు నొక్కిన నిబంధనలు 1927లో చెల్లవని తేలింది. మన దేశంలో అల్పసంఖ్యాకుల విద్యాసంస్థల హక్కు రాజ్యాంగం 30వ అధికరణంలో రాసి ఉంది. అమెరికాలో ఆ హక్కును ఒక పంతులు, కొందరు సన్యాసినులు, జపనీస్ బడుల నిర్వాహకులు కోర్టు మెట్లెక్కి సాధించారు. నేటి ప్రతి ఇస్లామిక్ పాఠశాలా ఆ తీర్పుల నీడనే ఉంది.

ముస్లింలలోనూ ఈ దారిలో ముందు నడిచింది నల్లజాతివారే. నేషన్ ఆఫ్ ఇస్లాం 1930లలో డిట్రాయిట్‌లో తన పిల్లలకు సొంత బడి పెట్టుకుంది. 1934లో అధికారులు దాడి చేసి కేసులు పెట్టారు. దాని నాయకుడు ఎలైజా ముహమ్మద్ ఆ తర్వాత షికాగోకు మకాం మార్చాడు. 1975లో ఆయన కొడుకు వారిస్ దీన్ ముహమ్మద్ ఆ సమాజాన్ని సున్నీ ఇస్లాం వైపు మళ్లించాడు. ఆ బడులకు ఆయన తల్లి క్లారా ముహమ్మద్ పేరు వచ్చింది.

మన కథ 1965 వలస చట్టంతో మొదలవుతుంది. ఆ చట్టం తలుపు తెరిచాక హైదరాబాదు నుంచి డాక్టర్లు, ఇంజనీర్లు షికాగో చేరారు, వెనక వారి బంధువులు వచ్చారు. డెవాన్ అవెన్యూ వాళ్లకు చార్మినార్ బజారైంది. ఇరానీ చాయ్, బిర్యానీలతోపాటు చదువు గురించిన ఒక ఆలోచన కూడా వాళ్ల వెంట వచ్చింది. 1876లో అన్వరుల్లా ఫారూఖీ స్థాపించిన జామియా నిజామియా, 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలై ఇంజనీరింగు, వైద్యంతోపాటు మతవిద్య అయిన దీనియాత్‌కూ చోటిచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు కళ్లారా చూసినవి. దీన్ (మతం), దునియా (లోకం) రెండూ ఒకే కప్పు కింద నేర్పవచ్చన్నది వాళ్లకు అనుభవమే.

షికాగోలో ఆ ఆలోచన మెట్టుమెట్టుగా పైకొచ్చింది. తొలి మెట్టు ఇళ్ల బేస్‌మెంట్లు, తర్వాత ఆదివారం తరగతులు. 1969లో ముస్లిం కమ్యూనిటీ సెంటర్ ఏర్పడింది. విల్లా పార్క్‌లోని ఇస్లామిక్ ఫౌండేషన్ 1983లో ఒక పాత ప్రభుత్వ పాఠశాల భవనం కొని, దాన్ని మసీదుగా, పూర్తికాలపు బడిగా మార్చుకుంది. కాథలిక్ బాలికల కోసం కట్టిన ఇమ్మాక్యులాటా హైస్కూలు మూతపడితే, ఆ భవనంలోకి అమెరికన్ ఇస్లామిక్ కాలేజీ వచ్చింది. ఆ భవనం ముందున్న ఇర్వింగ్ పార్క్ రోడ్డే పడమటికి సాగి షామ్‌బర్గ్ చేరుతుంది. 1983లోనే అలీగఢ్‌లో చదివిన ఆబిదుల్లా గాజీ, ఆయన భార్య తస్నీమా గాజీ ఇఖ్రా సంస్థ పెట్టి, అమెరికా పిల్లలకు పనికొచ్చే ఇస్లామిక్ పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టారు. భవనాల కన్నా ఈ పుస్తకాలే పెద్ద మలుపు. అప్పటిదాకా ఉర్దూ రాని పిల్లల చేతిలో పెట్టడానికి తగిన పుస్తకం దొరకడమే కష్టం.

ఈ బడుల లోపల మత చదువు ఎలా సాగుతుందో చూస్తేనే దాని బలం తెలుస్తుంది. హైదరాబాదీ ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు పిల్లలకు బిస్మిల్లా అనే అక్షరాభ్యాసం చేయిస్తారు. తర్వాత లూధియానా పండితుడొకరు కూర్చిన నూరానీ ఖాయిదాతో అరబ్బీ అక్షరాలు, ఆపై ఖురాన్‌ను చూసి చదివే నాజిరా. కొందరు ఖురాన్ మొత్తాన్ని కంఠస్థం చేసే హిఫ్జ్‌లోకి వెళ్తారు. అందులో రోజూ మూడు పనులుంటాయి: కొత్త పాఠం సబఖ్, ఈ మధ్య నేర్చిన సబ్‌ఖీ, పాతదంతా తిరగేసే మంజిల్. రోజుకో పేజీ చొప్పున పోయినా, సెలవులు పోను ఆరువందల పైచిలుకు పేజీలకు రెండేళ్లు దాటుతుంది. ఆ శ్రమ రంజాన్ రాత్రుల్లో తరావీహ్ నమాజులో బయటపడుతుంది. అలా కంఠస్థం చేసిన కుర్ర హాఫిజ్ ముందు నిలబడి పారాయణం చేస్తుంటే, వెనక వరుసలో ఇంకొకరు చెవి రిక్కించి వింటారు. ఒక పదం తప్పితే చాలు, వెనక నుంచి సరైన మాట అందుతుంది. దాన్ని లుఖ్మా అంటారు. అందరి ఎదుట తప్పు దిద్దించుకోవడం అక్కడ అవమానం కాదు. పిల్లలు ఖురాన్ వల్లించడంతోపాటు వినయం కూడా అక్కడే నేర్చుకుంటారు.

బడి చుట్టూ బతుకు అల్లుకుంటుంది. మధ్యాహ్నం జుహర్ నమాజుకు తరగతులు ఆగుతాయి. శుక్రవారం జుమా నమాజుకు తండ్రులు ఆఫీసుల నుంచి వస్తారు. ఇఫ్తార్ విందులు, విరాళాల సభలు, అంత్యక్రియల జనాజా నమాజులు ఒకే ప్రాంగణంలో జరుగుతాయి. ప్రభుత్వ బడికి పన్ను కడుతూనే ఇక్కడ ఫీజు కట్టాలి కనుక మధ్యతరగతికి భారమే. స్థలం దొరకడం ఇంకో పోరాటం. నేపర్‌విల్ దగ్గర ఇర్షాద్ లెర్నింగ్ సెంటర్‌కు 2010లో డుపేజ్ కౌంటీ అనుమతి నిరాకరిస్తే, 2013లో ఫెడరల్ కోర్టు ఆ నిరాకరణ చెల్లదంది. ఎడ్వర్డ్స్ చట్టం నాటి అనుమానమే ఇప్పుడు ట్రాఫిక్, పార్కింగ్ అభ్యంతరాల రూపంలో వస్తోంది.

ఈ పరిణామంలో పోగొట్టుకున్నదీ ఉంది. లూథరన్ బడిలో జర్మన్ పోయి మతం మిగిలింది. హైదరాబాదీ పిల్లల నోట ఉర్దూ తగ్గి ఇంగ్లీషు, అరబ్బీ మిగులుతున్నాయి. అయినా బడి నిలిచింది, ఎందుకంటే అది రోజూ పెద్దలను, పిల్లలను ఒక వరుసలో నిలబెడుతోంది.

ఈ చరిత్రలో తెలుగువాళ్లకూ నేరుగా వాటా ఉంది. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడిలో తెలుగు అక్షరాలు దిద్దే అమెరికా పిల్లలకు ఆ హక్కు జర్మన్ నేర్పిన మేయర్ నుంచి, జపనీస్ నేర్పిన హవాయీ బడుల నుంచి వచ్చింది. అందుకే పొరుగువారి మసీదు బడికి అడ్డంకి వచ్చినప్పుడు మనం ప్రేక్షకుల్లా ఉండకూడదు. ఆ బడి గెలిచిన ప్రతిసారీ మన బడి పునాదీ గట్టిపడుతుంది.