పట్టా ఒకటి, అర్హత ఒకటి: ఎల్.టి. నుంచి టెట్ దాకా

మన సంఘ సభ్యులలో ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినవారు చాలామంది ఉన్నారు. వారి కొడుకులు, కోడళ్ళు, కూతుళ్ళు, అల్లుళ్ళు కూడా కొందరు ఆ వృత్తిలోనే ఉన్నారు. టెట్ పరీక్ష విషయమై సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పు ఇచ్చిన తరువాత ఆ ఇళ్ళలో ఒకటే మాట వినిపించింది. "బి.ఇడి. పట్టా ఉంది, ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది, మళ్ళీ ఈ పరీక్ష ఏమిటి?" అని.

ఈ ప్రశ్న ఇప్పుడు పుట్టినది కాదు. విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా ఒకటి, ప్రభుత్వం కోరే అర్హత ఒకటి. ఈ రెండింటి కథ మన ప్రాంతంలో నూట నలభై ఏళ్ళకు పైబడినది. దానిని క్రమంగా చెప్పుకుంటే నేటి చిక్కు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది.

సైదాపేట, రాజమండ్రి

ఉపాధ్యాయులకు శిక్షణ ఉండాలని 1854 నాటి ఉడ్ గారి విద్యా పత్రం సిఫారసు చేసింది. 1856లో మద్రాసులో నార్మల్ స్కూలు పెట్టారు. తరువాతి కాలంలో అదే సైదాపేట టీచర్స్ కాలేజీగా పేరు పొందింది. 1882లో హంటర్ కమిషన్ వచ్చేనాటికి హైస్కూలు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే సంస్థలు దేశం మొత్తం మీద రెండే: ఒకటి మద్రాసు, రెండవది లాహోరు.

ఆ కమిషన్ ఒక ముఖ్యమైన సిఫారసు చేసింది. బోధన సూత్రాలలోను, బోధించే పనిలోను ఒక పరీక్ష పెట్టాలి. సర్కారు బడి అయినా, ఎయిడెడ్ బడి అయినా, సెకండరీ పాఠశాలలో శాశ్వత ఉద్యోగానికి ఇకమీదట ఆ పరీక్ష ప్యాసు కావడం షరతుగా ఉండాలి. పట్టభద్రులకు శిక్షణ కాలం మిగతావారి కంటే తక్కువ ఉంటే చాలునని కూడా చెప్పింది. ఇక్కడ "ఇకమీదట" అన్న మాటను చదువరులు గుర్తుంచుకోవాలి. దాని విలువ ఈ వ్యాసం చివర తెలుస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయం పట్టభద్రులైన ఉపాధ్యాయులకు ఎల్.టి. పరీక్ష నడిపింది. 1894లో రాజమండ్రిలో ప్రభుత్వ ట్రెయినింగ్ కాలేజీ ఏర్పడింది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి దేశంలో ఇటువంటి కాలేజీలు ఆరు మాత్రమే ఉండేవి: సైదాపేట, రాజమండ్రి, లాహోరు, అలహాబాదు, జబల్పూరు, కర్సియాంగ్. అంత పెద్ద దేశంలో ఆరింటిలో ఒకటి మన గోదావరి ఒడ్డున ఉండటం గర్వించదగిన విషయం.

1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన తీర్మానం నేటి బి.ఇడి.కి అసలైన నమూనా. పట్టభద్రులకు ఒక సంవత్సరం శిక్షణ, చివర విశ్వవిద్యాలయం ఇచ్చే డిగ్రీ లేదా డిప్లొమా, ప్రతి ట్రెయినింగ్ కాలేజీకి అనుబంధంగా పాఠాలు చెప్పి చూసుకోవడానికి ఒక బడి. ఈ ఏర్పాటే కొద్ది మార్పులతో నూరేళ్ళకు పైగా నడిచింది.

బి.ఇడి. అనే కొత్త డిగ్రీ

1910లో సైదాపేటలో శిక్షణ పొందినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఒకరు. అప్పటికే ఆయన ఎం.ఏ. ప్యాసై మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో అధ్యాపకులుగా చేరారు. అయినా శిక్షణ తప్పలేదు. అక్కడ తోటి విద్యార్థులకు మనస్తత్వశాస్త్రంపై ఆయనే పాఠాలు చెప్పారు. అవి 1912లో పుస్తకంగా వెలువడ్డాయి.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్ గారు దాని ఉపాధ్యక్షులు. 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బి.ఇడి. పేరుతో కొత్త డిగ్రీ ప్రారంభించింది. దేశంలో ఉపాధ్యాయ విద్య చరిత్ర చెప్పేవారు ఈ సంవత్సరాన్ని ప్రత్యేకంగా పేర్కొంటారు. ఆ తరువాత 1936లో బొంబాయి విశ్వవిద్యాలయం ఎం.ఇడి. మొదలుపెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు రాధాకృష్ణన్ గారే అధ్యక్షులు. శిక్షణలో బడిలో పాఠం చెప్పే సాధనకు ఎక్కువ కాలం కేటాయించాలని, విద్యార్థి పని ఎంత చేశాడో తూచేటప్పుడు దానికి ఎక్కువ విలువ ఇవ్వాలని ఆ కమిషన్ సూచించింది. ఎం.ఇడి.లో కొన్నేళ్ళు బోధించిన అనుభవం ఉన్నవారిని చేర్చుకోవడం మంచిదని కూడా చెప్పింది. అంటే పట్టాకు మూలం బడి అనుభవమేనని ఆ పెద్దల అభిప్రాయం.

సర్వీసు రిజిస్టరులో

1970లలో జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో గుమాస్తాగా నేను తిరగేసిన సర్వీసు రిజిస్టర్లలో మూడు తరాల పట్టాలు కనిపించేవి. రిటైరు కాబోయే పెద్దలది ఎల్.టి., మధ్యవారిది బి.టి., కుర్రవారిది బి.ఇడి. పేరు ఏదైనా కొర్రీ వేసేవారు కాదు. అందరూ ట్రెయిన్డ్ గ్రాడ్యుయేట్లే. ఎలిమెంటరీ బళ్ళలో సెకండరీ గ్రేడు ట్రెయినింగు వారు వేరు, భాషా పండితుల శిక్షణ వేరు. "ట్రెయిన్డ్", "అన్‌ట్రెయిన్డ్" అనే ఒక్క మాట తేడాతో జీతపు స్కేలు, ప్రమోషను, దానివెంట పింఛను కూడా మారిపోయేవి.

అయితే అన్‌ట్రెయిన్డ్‌గా ఉన్నవారికి దారి కూడా చూపించేవారు. కొందరిని జీతం ఇచ్చి శిక్షణకు డెప్యుటేషన్ మీద పంపేవారు. 1963లో మైసూరులో రీజినల్ కాలేజీ ఆఫ్ ఎడ్యుకేషన్ ఏర్పడింది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ అదే. ఉద్యోగం మానకుండా వేసవి సెలవులలో తరగతులకు వెళ్ళి, మిగతా రోజులలో ఉత్తరాల ద్వారా పాఠాలు చదివి బి.ఇడి. పూర్తి చేసే సౌకర్యం అక్కడ ఉండేది. ఎండాకాలంలో పెట్టె సర్దుకుని మైసూరు రైలెక్కిన మాస్టార్లు మన సభ్యులలో కూడా ఉండవచ్చును.

పట్టా నుంచి అర్హత విడిపోయిన తీరు

1973లో ఏర్పడిన జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి మొదట సలహాలకే పరిమితం. 1993లో చట్టం వచ్చింది. 1995 నుంచి మండలికి చట్టబద్ధమైన అధికారం లభించింది. అప్పటినుంచి విశ్వవిద్యాలయం డిగ్రీ ఇస్తే చాలదు, ఆ కోర్సుకు మండలి గుర్తింపు కూడా ఉండాలి. 2014 నిబంధనలతో 2015 నుంచి బి.ఇడి. రెండేళ్ళదైంది. 2021లో ఇంటర్ తరువాత నాలుగేళ్ళ సమగ్ర కోర్సును నోటిఫై చేశారు. కొత్త అన్నారు గాని, నాలుగేళ్ళ కోర్సు మైసూరులో 1960లలోనే ఉండేది.

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. ఆ ఆగస్టు 23న మండలి ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల ఉపాధ్యాయ నియామకానికి టెట్ తప్పనిసరి అయింది. జనరల్ అభ్యర్థులకు ప్యాసు మార్కులు నూటికి 60. ఈ విధంగా బి.ఇడి. ఉత్తీర్ణులైన వారికి కూడా వేరే అర్హత పరీక్ష వచ్చింది. కాని పాత నిబంధనల ప్రకారం అప్పటికే నియమితులైనవారిని ఆ నోటిఫికేషన్ మినహాయించింది. 2017లో చట్టాన్ని సవరించి, 2015 మార్చి 31 నాటికి పనిలో ఉండి కనీస అర్హత లేనివారికి 2019 మార్చి 31 వరకు గడువు ఇచ్చారు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతులకు బి.ఇడి. అర్హత కాదని, ఆ తరగతుల కోసం ఉద్దేశించిన డిప్లొమాయే కావాలని చెప్పింది.

చివరికి 2025 తీర్పు. సర్వీసులో ఉన్నవారికి కూడా టెట్ వర్తిస్తుందని అందులో చెప్పారు. పదవీ విరమణకు ఐదేళ్ళ లోపు ఉన్నవారు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, కాని ప్రమోషనుకు అర్హులు కారు. ఐదేళ్ళకు మించి సర్వీసు ఉన్నవారికి తీర్పు తేదీ నుంచి రెండేళ్ళ గడువు. ఆలోగా ప్యాసు కాకపోతే ఉద్యోగం వదులుకోవాలి, లేదా నిర్బంధ పదవీ విరమణ. తగిన సర్వీసు ఉంటే రావలసిన విరమణ ప్రయోజనాలు ఇస్తారు. మైనారిటీ విద్యాసంస్థల విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించారు.

పిల్లలకు మంచి గురువు కావాలనే విషయంలో ఎవరికీ భేదాభిప్రాయం లేదు. పరీక్షలు ఉండాలని 1882లో చెప్పినవారు కూడా ఆ ఉద్దేశంతోనే చెప్పారు. కాని వారు ఇకమీదట అన్నారు. ఆ తరువాత పాతవారికి శిక్షణ కావలసి వచ్చినప్పుడు డెప్యుటేషన్, వేసవి తరగతులు, గడువు అనే మెట్లు కట్టారు. నిన్నటి రూలు మొన్న చేరినవారికి వర్తించవలసి వస్తే, ఆ మెట్లు కూడా కట్టవలసిన బాధ్యత ప్రభుత్వాలపై ఉన్నది. మన సంఘాలు కోరవలసినది అదే.

ఈలోగా సభ్యులకు ఒక మనవి. మీ ఇంటిలోని ఉపాధ్యాయుల విరమణ తేదీ, నియామక తేదీ, నియామకం నాటి నిబంధనలు రిజిస్టరులో ఎలా ఉన్నాయో ఒకసారి చూడమనండి. టెట్ మొదటి పేపరులో శిశు వికాసం, భాషలు, గణితం, పరిసరాల విజ్ఞానం ఉంటాయి. ఇవి మన ఎల్.టి., బి.టి., బి.ఇడి. మాస్టార్లు జీవితమంతా బోధించిన విషయాలే. తీరిక ఉన్న పెద్దలు సాయంత్రం ఒక గంట కూర్చోబెట్టి చెప్పగలిగితే, ఆ ఇళ్ళవారికి అది ఎంతో ఆసరా అవుతుంది.