ఘోస్ట్ వర్డ్

ఘోస్ట్ వర్డ్ అనగా భాషలో నిజమైన వాడుక లేకుండానే, అచ్చుతప్పు వలన గానీ, వ్రాతప్రతిని తప్పుగా చదవడం వలన గానీ పుట్టి, నిఘంటువులలో చేరిన పదము. 1886లో ఆంగ్ల భాషావేత్త వాల్టర్ విలియం స్కీట్ ఫిలలాజికల్ సొసైటీ అధ్యక్షునిగా చేసిన ప్రసంగంలో ఈ పేరును వాడాడు. అరుదైన పదానికి కొద్దిపాటి ప్రయోగాలైనా ఉంటాయి. ఘోస్ట్ వర్డ్‌కు మూలం కేవలం ఒక పొరపాటు.

ఉదాహరణలు

కైమ్స్: 1808లో ఎడిన్‌బరో రివ్యూ పత్రికలో హిందువుల ఆచారాలను గురించిన వ్యాసంలో, కొందరు తమ చేతులలో "కైమ్స్" గుచ్చుకుంటారని అచ్చయింది. అది కత్తులు అనే అర్థం గల "నైవ్స్" అన్న పదానికి అచ్చుతప్పు.

మోర్స్: వాల్టర్ స్కాట్ నవల ది మొనాస్టరీ (1820)లో "నర్స్" అనే క్రియ "మోర్స్"గా అచ్చయింది. కొరుకుట అనే అర్థం గల లాటిన్ ధాతువు నుండి ఇది వచ్చిందని కొందరు, తుపాకీకి మందు పట్టించుటకు సంబంధించినదని మరికొందరు వ్యుత్పత్తులు కల్పించారు. చివరకు రచయిత వ్రాతప్రతితో సందేహం తీరింది.

డార్డ్: వెబ్‌స్టర్స్ న్యూ ఇంటర్నేషనల్ డిక్షనరీ రెండవ కూర్పు (1934)లో దీనికి భౌతిక, రసాయన శాస్త్రాలలో "సాంద్రత" అని అర్థమిచ్చారు. నిజానికి సాంద్రతకు సంక్షిప్త రూపం పెద్ద డి లేదా చిన్న డి అని తెలిపే చీటీ 1931లో తయారైంది. "డి ఆర్ డి" అన్న ఆ అక్షరాలను కలిపి ఒకే పదంగా చదివారు. వ్యుత్పత్తి లేని ఈ పదాన్ని 1939 ఫిబ్రవరి 28న ఒక సంపాదకుడు గమనించాడు. తరువాతి ముద్రణలలో దీనిని తొలగించారు.

వాడుకలో నిలిచినవి

పొరపాటున పుట్టినా వాడుకలో స్థిరపడితే అది నిజమైన పదమే అవుతుంది. విద్యార్థులకు సుపరిచితమైన "సిలబస్" ఇందుకు ఉదాహరణ. సిసెరో లేఖల 15వ శతాబ్దపు ముద్రణలో, గ్రంథాలకు అంటించే పేరుచీటీలను సూచించే గ్రీకు పదం తప్పుగా పడి ఈ రూపం ఏర్పడింది.

ప్రాముఖ్యత

ఒక నిఘంటువును చూసి మరొకటి వ్రాసినపుడు ఇటువంటి తప్పులు తరతరాలుగా కొనసాగుతాయి. పదం ఎన్ని నిఘంటువులలో ఉన్నదనే దానికన్నా, అది ఏ రచనలో, ఏ సందర్భంలో ప్రయోగింపబడినదనేదే ప్రమాణము. అర్థం, వ్యుత్పత్తి రెండూ సందేహాస్పదమైనపుడు మూలప్రతిని పరిశీలించడం అవసరం.