మోటారుకి తలుపు మూసిన కొండలు

ఇటలీ ఉత్తర భాగంలో, స్విట్జర్లాండ్ సరిహద్దుని ఆనుకుని స్టెల్వియో కనుమ ఉంది. ఎత్తు 2,757 మీటర్లు. ఏటా వేసవి చివర ఒక రోజు ఆ కనుమకి పోయే దారుల్లో కార్లనీ మోటారు సైకిళ్లనీ ఆపేస్తారు. ఆ పూట వేలమంది సైకిళ్ల మీద కొండెక్కుతారు. స్విట్జర్లాండ్ వైపు నుంచి వచ్చే ఉంబ్రాయిల్ దారి కూడా ఆ రోజు సైకిళ్లదే. ప్రచార పత్రాలు చూస్తే ఇదంతా ఈమధ్య పుట్టిన ముచ్చట అనీ, సైకిలువాళ్లని మెప్పించడానికి ఇచ్చిన కానుక అనీ అనిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే లెక్క వేరుగా ఉంది. ఉంబ్రాయిల్ దారి 1901లో పూర్తయింది. ఆ దారి ఉన్న గ్రౌబుండెన్ కాంటన్‌లో (స్విట్జర్లాండ్‌లో రాష్ట్రాన్ని కాంటన్ అంటారు) అంతకు ముందు ఏడాదే, 1900 ఆగస్టులో, అన్ని రోడ్ల మీదా మోటారు కార్లని నిషేధించారు. ఆ నిషేధం 1925 దాకా నిలిచింది. అంటే స్విట్జర్లాండ్ వైపున్న ఈ దారికి పుట్టిన తర్వాత దాదాపు పాతికేళ్ల దాకా మామూలు ప్రయాణికుల కారంటే ఏమిటో తెలియదు. ఇవాళ ఏడాదికి ఒక్క పూట దొరికే ప్రశాంతత ఒకప్పుడు అక్కడ రోజువారీ సంగతి. కొండదారి మీద ఏ బండి ఎప్పుడు తిరగాలన్నది ప్రజలు కూర్చుని తేల్చుకోవలసిన విషయమనీ, ఆల్ప్స్ కొండల్లో ఒకప్పుడు నిజంగా అలాగే తేల్చుకున్నారనీ నేను చెప్పదలచుకున్నది.

ముందు ఈ దారులు ఎవరికోసం పుట్టాయో చూడాలి. గ్రౌబుండెన్‌లో సాన్ బెర్నార్డినో, ష్ప్లూగెన్ కనుమల మీద బళ్లు నడిచే రోడ్లు 1818, 1823 మధ్య వేశారు. స్టెల్వియో దారిని ఆస్ట్రియా సామ్రాజ్యం 1820లో మొదలుపెట్టి 1825కి ముగించింది. ఇంజనీరు కార్లో దొనెగాని. అప్పట్లో లంబార్డీ ఆస్ట్రియా చేతిలో ఉంది. దాన్ని టైరోల్‌తో కలిపే దారి సైన్యానికీ తపాలాకీ కావాలి. బండిని లాగేది గుర్రం కాబట్టి కొలతలన్నీ గుర్రం బలాన్ని బట్టే పెట్టారు. నిండు బండిని గుర్రాలు ఆగకుండా పైకి లాగగలగాలి, దిగేటప్పుడు బండి వాటి మీదికి దొర్లకూడదు. అందుకని నిట్రంగా ఎక్కించకుండా దారిని మలుపుల మీద మలుపులుగా చుట్టి తిప్పారు. ప్రాతో ఊరి వైపు నుంచి స్టెల్వియో ఎక్కితే 24 కిలోమీటర్లలో 48 హెయిర్‌పిన్ మలుపులు. 1,800 మీటర్ల పైచిలుకు ఎత్తు అంతదూరంలో పరచుకుంది కాబట్టి వాలు సగటున నూటికి ఏడున్నరకి మించదు. మోటారు ఇంజనుకి ఈ జాగ్రత్తతో పనిలేదు. సొంత కండబలంతో ఎక్కేవాడికి మాత్రం సరిగ్గా ఇదే కావాలి. కొండల్లో సైకిలు తొక్కేవాళ్లు ఇవాళ వెతుక్కుంటూ వెళ్లే దారులు చాలావరకు గుర్రబ్బండి నాటివే కావడానికి అసలు కారణం ఈ వాలే. ఆ లెక్కన చూస్తే ఈ దారికి సైకిలు దగ్గరి వారసురాలు, కారు తర్వాత వచ్చిన చుట్టం.

ఇక నిషేధం సంగతి. కార్లు వచ్చేనాటికి ఆ రోడ్ల మీద తారు లేదు. కంకర పరిచి, పైన సన్నరాళ్లూ మట్టీ చల్లి, నీళ్లు పోసి దిమ్మిస చేసేవారు. రాళ్ల సందుల్లో కూరుకున్న ఆ మట్టే రోడ్డుని పట్టి ఉంచేది. ఇనప పట్టాల బండిచక్రం నెమ్మదిగా పోతూ దాన్ని ఇంకా అణిచేది. కారు టైరు వేగంగా తిరుగుతూ ఆ సన్నమట్టిని పైకి పీల్చి గాల్లోకి ఎగజిమ్మేది. కారు పోయినచోట దుమ్ము ఇళ్ల మీదా, గడ్డి భూముల మీదా పడేది. దుమ్ము పోయాక కంకర పట్టు వదిలి రోడ్డే విడిపోయేది. ఈ బాధ ఒక్క గ్రౌబుండెన్‌ది కాదు. స్విట్జర్లాండ్‌లోని బ్రిగ్ ఊరివాడైన గుల్యెల్మినెత్తి అనే వైద్యుడు 1902లో మొనాకోలో రోడ్డుకి తారు పూయించింది దుమ్ము బాధ పోగొట్టడానికే. కొండల్లో దానికి తోడు ఇంకో ప్రమాదం ఉంది. ఒకవైపు కొండచరియ, ఒకవైపు లోయ, మధ్య ఒక బండి పట్టే దారి. అక్కడ ఇంజను మోతకి గుర్రం బెదిరితే బండి లోయలోకే. పైగా రోడ్డు మరమ్మతు ఖర్చు పడేది కాంటన్ మీదా ఊళ్ల మీదా, కార్లలో వచ్చేది బయటి ధనవంతులు. నిషేధానికి జనం చెప్పిన కారణాలు ఇవే. వీటిలో దేన్నీ మూఢనమ్మకం అనలేం. నిషేధించింది మోటారు బండినే కాబట్టి సరిహద్దు దాకా కారులో వచ్చినవాళ్లు దాన్ని గుర్రాలకి కట్టించి లాగించుకుపోయిన సందర్భాలూ ఉన్నాయి.

పల్లెటూరి జనం యంత్రాన్ని చూసి జడిసి చేసిన పని ఇది, అని చాలామంది కొట్టిపారేస్తారు. సాక్ష్యం అలా చెప్పడం లేదు. అదే కాంటన్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో ఒక హోటలు 1870ల చివర్లోనే కరెంటు దీపాలు వెలిగించింది. 1889లో మొదలైన రేటియన్ రైల్వే 1904 నాటికి అల్బులా కొండని తొలుచుకుని సెయింట్ మోరిట్జ్ చేరింది. ఆ దారిలో లాండ్‌వాసర్ నది మీద 65 మీటర్ల ఎత్తున రాతి వంతెన కట్టారు. 1910లో పూర్తయిన బెర్నినా రైలుదారి 2,253 మీటర్ల ఎత్తు దాటుతుంది, అదీ మొదటినుంచీ కరెంటు మీదే. 2008లో ఈ రెండు దారులనీ యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంతటి యంత్రాలని నెత్తికెత్తుకున్న ప్రజలు కారుని మాత్రం వద్దన్నారంటే, అది ఆలోచించి ఎంచుకున్న ఎంపికే.

రైలుకి పోటీ రాకుండా చేసిన స్వార్థం కాదా, అన్నది ఇంతకంటే గట్టి ప్రశ్న. అందులో నిజం ఉంది, ఒప్పుకోవాలి. రైలుదారుల మీద కాంటన్ డబ్బు చాలా పెట్టింది, ఆ డబ్బు మునగకూడదన్న ఆలోచన ఓటు వేసిన వాళ్లలో ఉండే ఉంటుంది. గుర్రబ్బళ్ల వాళ్లకి తమ బతుకుతెరువు చూసుకోవలసిన అవసరమూ ఉంది. అయితే తీర్పు చెప్పింది ఒక కంపెనీయో ఒక మంత్రో కాదు. 1907, 1925 మధ్య ఈ ఒక్క విషయం మీదే పదిసార్లు ప్రజల ఓటు అడిగారు. పర్యాటక వ్యాపారంలో ఉన్నవాళ్లు కార్లని రానివ్వమని పోరుతున్నా, లోయల్లోని జనం మళ్లీ మళ్లీ వద్దన్నారు. తమ చెమటతో, తమ పన్నుతో నిలబడ్డ దారి గురించి తామే పదిసార్లు ఓటు వేసిన ప్రజలు ప్రపంచంలో ఇంకెక్కడున్నారు? ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది.

ఇక్కడ సైకిలు చరిత్రలో అంతగా ఎవరూ తలచుకోని సంగతి ఒకటి చెప్పాలి. 1885 తర్వాత రెండు చక్రాలూ సమానంగా ఉండే సైకిలు, 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చాక మధ్యతరగతి మనుషులు సొంతంగా దూరాలు తిరగడం మొదలుపెట్టారు. మంచి రోడ్డు కావాలని సంఘాలు కట్టుకున్నదీ వాళ్లే. ఇటలీలో టూరింగ్ క్లబ్‌ని 1894లో మిలాన్‌లో సైకిలువాళ్లు స్థాపించారు. 1900లో ఆ సంఘం పేరులోంచి సైకిలు మాట తీసేశారు. స్విస్ టూరింగ్ క్లబ్ 1896లో జెనీవాలో పుట్టింది. అదీ సైకిలువాళ్ల సంఘమే. తర్వాతి కాలంలో అది ఆ దేశంలో కార్ల యజమానుల పెద్ద సంఘమైంది. బాగుచేసిన రోడ్డుని అడిగి సాధించుకున్న వాళ్లలో ముందు వరస సైకిలుది. అందుచేత కొండదారిలో సైకిలుకి కొన్ని గంటలు కేటాయించడాన్ని దయ కింద జమకట్టడం చరిత్రకి సరిపడదు.

మరి నిషేధం అంత మంచిదైతే 1925 జూన్‌లో అదే ప్రజలు ఎందుకు ఎత్తేశారు? రైలు అన్ని లోయలకీ పోలేదు. రైలు లేని ఊళ్లకి వైద్యం, సరుకు, తపాలా చేరాలంటే గుర్రమే దిక్కు. చుట్టుపక్కల కాంటన్లన్నీ రోడ్లు తెరిచాయి. మొదటి ప్రపంచయుద్ధం పర్యాటకాన్ని దెబ్బతీసింది. తపాలా శాఖ మోటారు బస్సులు కనుమలెక్కడం చూశాక జనానికి భయం కొంత తగ్గింది. చివరి ఓటులో తేడా స్వల్పమే అయినా తీర్పు న్యాయమైనదే. నిషేధంలో అసలు లోపం దాని మొండితనం. పాల డబ్బాలు మోసే లారీనీ, సరదాకి వచ్చిన ధనికుడి కారునీ అది ఒకే గాటన కట్టింది. ఎత్తేసినప్పుడు కూడా అదే పొరపాటు తిరగబడింది. అవసరమైన బండికి తెరిచిన తలుపులోంచి అన్ని బళ్లూ అన్ని వేళలా వచ్చేశాయి. మధ్యలో ఉన్న దారిని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

ఆ మధ్యదారి ఎలా ఉంటుందో అదే దేశంలో, బెర్న్ కాంటన్‌లో కనిపిస్తుంది. మైరింగెన్‌నీ గ్రిండెల్‌వాల్డ్‌నీ కలిపే గ్రోస షైడెగ్ కనుమ 1,962 మీటర్ల ఎత్తున ఉంది. పై భాగంలో సొంత కార్లకి ప్రవేశం లేదు. అనుమతి ఉన్న పశుపాలకుల బళ్లూ పసుపు రంగు తపాలా బస్సూ పోతాయి, మిగిలిందంతా నడిచేవాళ్లకీ సైకిళ్లకీ. ఇది గుర్రబ్బండి కోసం వేసిన దారి కాదు కాబట్టి వాలు కఠినం, ఇరుకు కూడా. మలుపు అవతల ఉండగానే బస్సు మూడు స్వరాల హారన్ మోగిస్తుంది. రోస్సినీ విలియమ్ టెల్ సంగీతంలోంచి తీసుకున్న స్వరాలవి. అది విని సైకిలువాళ్లు పక్కకి జరిగి దారిస్తారు. సైకిలు తొక్కలేని వృద్ధులూ పిల్లలూ ఆ బస్సులోనే పైకి చేరతారు. కొండ మీదికి కారు ఆపితే బలం ఉన్నవాళ్లకే కొండ దక్కుతుందన్న మాటకి ఆ బస్సే జవాబు. గ్లారుస్ కాంటన్‌లో ప్రాగెల్ కనుమ దారిది ఇంకో పద్ధతి. అక్కడ శని, ఆదివారాలు మోటారుకి సెలవు, మిగతా రోజులు అందరివీ.

రోడ్డుకి డబ్బు కట్టేది కార్లవాళ్లైతే వాళ్లని ఆపే హక్కు ఎక్కడిది, అన్న ప్రశ్న ఇవాళ గట్టిగా వినిపిస్తుంది. కొండదారులు పుట్టిన రోజుల్లో పెట్రోలు పన్ను లేదు. వాటిని కట్టింది ప్రజల ఖజానా. పైగా కార్ల కోసం ఆ కొండల్లో వేరే దారులు తొలిచారు. 1967లో సాన్ బెర్నార్డినో కింద ఆరున్నర కిలోమీటర్ల సొరంగం, 1980లో గొత్తార్ద్ కింద దాదాపు 17 కిలోమీటర్ల సొరంగం తెరిచారు. గమ్యం చేరాలన్న తొందర ఉన్న బండికి ఏడాది పొడుగునా లోపలి దారి ఉంది. పైనున్న పాతదారిలో మిగిలే రద్దీ చాలావరకు సరదాది. కారు సరదాకీ సైకిలు సరదాకీ మధ్య వారంలో కొన్ని గంటలు పంచడం ఎవరి బతుకునీ దెబ్బతీయదు.

కాబట్టి గ్రౌబుండెన్ ఇప్పుడు చేయదగిన పని ఒకటుంది. 2,300 మీటర్లు దాటిన అల్బులా కనుమ మీద కార్లు లేని రోజులు ఇదివరకు జరిపారు, జనం వచ్చారు. ఆ కనుమ కిందనుంచి రైలు పోతుంది. కారులో ఎంగడీన్ లోయకి వెళ్లవలసినవాళ్లకి పక్కనే యూలియర్ కనుమ ఏడాదంతా తెరిచే ఉంటుంది. దారి మూస్తే ఇంత తక్కువమందికి ఇబ్బంది కలిగే పెద్ద కనుమ ఆ కాంటన్‌లో ఇంకోటి కనబడదు. వేసవి నెలల్లో ప్రతి ఆదివారం ఉదయం ఫిలిజూర్ నుంచి లా పుంట్ దాకా అల్బులా దారిని సైకిళ్లకి వదిలిపెట్టాలి. ఆ ప్రతిపాదనని పదకొండోసారి ప్రజల ఓటుకి పెట్టాలి.